పాత్రత చూసి ఇవ్వడం: కర్నూలు, అనంతపురం, కడప స్వచ్ఛంద సంస్థల్లో దేనికి మీ విరాళం?

మీ చేతిలో 50 వేల రూపాయలున్నాయి. ముందర మూడు కరపత్రాలున్నాయి. కడప శివార్లలో అనాథ పిల్లల ఆశ్రమం ఒకటి, కళ్యాణదుర్గం పక్క సేద్యపు కుంటలు తవ్వించే సంస్థ ఒకటి, ఆదోనిలో కంటి శిబిరాలు పెట్టే ట్రస్టు ఒకటి. మూడింటి మీదా పిల్లల, ముసలివాళ్ల ముఖాలు, 80జీ పన్ను మినహాయింపు మాట, కింద క్యూఆర్ కోడ్. ఇక్కడ ఎక్కువమంది అడిగేది ఒకే ప్రశ్న: ఆఫీసు ఖర్చులకు ఎంత పోతుంది? ఎవరు తక్కువ శాతం చెబితే వాళ్లకు పంపేస్తారు. సంస్థను ఎంచుకోవడానికి ఇంతకన్నా బలహీనమైన కొలత ఇంకోటి లేదు. ఆ శాతాన్ని ఎట్లా కావాలంటే అట్లా రాసుకోవచ్చు. పని జరిగిందో లేదో అది చెప్పదు.

లెక్క దాతకు చూపిస్తే సగం పారదర్శకతే. ఎవరి పేరు చెప్పి డబ్బు తెచ్చారో ఆ ఊరి జనానికి కూడా ఆ లెక్క తెలియాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పథకం పుణ్యమా అని సామాజిక తనిఖీ అంటే ఏమిటో మన పల్లెలకు బాగా తెలుసు. మస్టర్లు జనం ముందు పైకి చదువుతారు. పేరున్న మనిషి లేచి "నేనా పనికి పోలేదే" అంటే అక్కడికక్కడే తేలిపోతుంది. కూలి డబ్బుకు అంత గట్టి కొలత పెట్టుకున్న చోట, విరాళం డబ్బుకు మాత్రం ఒక రసీదుతో ఎందుకు సరిపెట్టుకోవాలి? ఈ వ్యాసంలో ఏ రెండు సంస్థలను పోల్చినా చివరికి చూసేది అదే: ఊరి ముందు ఆ లెక్క నిలబడుతుందా?

ముందు పనిని ఎంచుకోండి, తర్వాత సంస్థను

ఆశ్రమాన్నీ నీటి కుంటల సంస్థనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఆశ్రమంలో పెద్ద ఖర్చు తిండి, మనుషుల జీతాలు. నీటి పనుల్లో యంత్రాల బాడుగ, కూలి. మహిళలకు న్యాయ సహాయం చేసే సంస్థలో దాదాపు ఖర్చంతా జీతాలే, ఎందుకంటే అక్కడ పని చేసేది మనిషే. ఈ మూడో సంస్థను "జీతాలకే 80 శాతం" అని తిట్టడం, బడిని "అయ్యవార్లకే డబ్బంతా ఇస్తోంది" అని తిట్టినట్టే. కాబట్టి ఏ పనికి ఇవ్వాలో మీరే తేల్చుకుని, ఆ పని చేసే రెండు మూడు సంస్థలను మాత్రమే పోల్చండి.

సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీ: దేని కాగితం ఎక్కడ దొరుకుతుంది

మన జిల్లాల్లో ఎక్కువ సంస్థలు సొసైటీలు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురితో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదవుతాయి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. జరిగే తప్పు ఇక్కడే. మొదటిరోజు తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు, ఆ తర్వాత రిజిస్ట్రార్ గడప తొక్కరు. అందుకే నమోదు పత్రం కంటే చివరిసారి దాఖలైన కార్యవర్గం జాబితా నకలు అడగండి. ఏడుగురిలో నలుగురికి ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా ఉంటే అది పేరుకే సొసైటీ, నడిచేది కుటుంబ వ్యవహారం. పెద్ద మొత్తం ఇచ్చే ముందు రిజిస్ట్రార్ కార్యాలయంలోనే రుసుము కట్టి సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోవడం మంచిది.

ట్రస్టుకు మూలం ట్రస్టు డీడ్. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఒకసారి రిజిస్టరయ్యాక సొసైటీ మాదిరిగా ఏటా జాబితాలు పెట్టే పని ఉండదు. ట్రస్టీలు చాలా చోట్ల జీవితకాలం ఉంటారు. డీడ్‌లో రెండు నిబంధనలు వెతకండి: తప్పు చేసిన ట్రస్టీని తొలగించేది ఎవరు, ట్రస్టు మూతపడితే ఆస్తి ఎవరికి పోతుంది. రెండో దానికి జవాబు "ఇదే ఆశయాలున్న మరో ధర్మసంస్థకు" అని ఉండాలి. వ్యవస్థాపకుడి వారసులకు అనే అర్థం ఏ మూలన కనిపించినా అక్కడితో ఆపేయండి.

లాభాపేక్ష లేకుండా కంపెనీల చట్టం కింద నమోదయ్యేవి సెక్షన్ 8 కంపెనీలు. వీటి కాగితాలు అన్నిటికన్నా తేలిగ్గా దొరుకుతాయి. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కడితే ఎవరైనా వాటి లెక్కలు, వార్షిక రిటర్నులు చూడొచ్చు. ఎవరినీ అడుక్కునే పని లేదు. మిగతావన్నీ సమానమైతే పెద్ద విరాళానికి ఈ రూపమే మేలని మా అభిప్రాయం. కాకపోతే పల్లెల్లో దశాబ్దాల తరబడి పనిచేసిన మంచి సంస్థల్లో ఎక్కువ భాగం సొసైటీలూ ట్రస్టులే. కాగితం తేలిగ్గా దొరకలేదన్న ఒక్క కారణంతో వాటిని పక్కన పెట్టకండి, అడిగి తెప్పించుకోండి.

చిరునామాలు సరిచూసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ధర్మవరం, కదిరి, హిందూపురం, పుట్టపర్తి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు నంద్యాల జిల్లాలోకి, రాయచోటి అన్నమయ్య జిల్లాలోకి పోయాయి. అంతకుముందు నమోదైన సంస్థల పత్రాల్లో పాత జిల్లా పేరే ఉంటుంది. అది తప్పు కాదు. కొత్త బ్యాంకు ఖాతాలో, పాన్ వివరాల్లో సంస్థ పేరు మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి.

అరగంటలో అయ్యే జల్లెడ

2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయి. జనం నోట ఇంకా పాత అంకెలే ఉన్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

క్యూఆర్ కోడ్‌తో మొదలుపెట్టండి. స్కాన్ చేయగానే సంస్థ పేరు రావాలి. మనిషి పేరు వస్తే "మా కార్యదర్శి ఖాతాలే" అన్న జవాబు ఒప్పుకోకండి. పాన్ నంబరులో నాలుగో అక్షరం చూడండి: టి ఉంటే ట్రస్టు, ఎ ఉంటే వ్యక్తుల సంఘం, సి ఉంటే కంపెనీ. పి ఉంటే అది ఒక వ్యక్తి సొంత పాన్.

తర్వాత సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏబీ, దాతకు మినహాయింపు ఇచ్చే 80జీ ఉత్తర్వులు. 2021లో అన్ని సంస్థలూ మళ్లీ నమోదు కావాల్సి వచ్చింది. "మాకు 1998 నుంచీ 80జీ ఉంది, శాశ్వతం" అనే మాటకు ఇప్పుడు విలువ లేదు. ఫారం 10ఏసీ లేదా 10ఏడీలో ఇచ్చిన ఉత్తర్వు అడిగి, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా చెల్లుతుందో చదవండి. 2021లో ఐదేళ్లకు తెచ్చుకున్నవాటి గడువు 2026 మార్చి 31 దాకానే. ఆ తర్వాతి పునరుద్ధరణ ఉత్తర్వు చూపించాల్సిందే.

స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరునూ, కంపెనీల సామాజిక బాధ్యత నిధుల కోసం తీసుకునే సీఎస్‌ఆర్-1 నంబరునూ కరపత్రం మీద పెద్ద అక్షరాలతో "ప్రభుత్వ గుర్తింపు" అని వేసుకుంటారు. రెండూ నమోదు నంబర్లే. ఎవరో వచ్చి పని చూసి మెచ్చుకుని ఇచ్చినవి కావు. ఉంటే మంచిది, అంతవరకే.

ఆడిట్ రిపోర్టు చివర చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం పక్కన 18 అక్షరాల యూడీఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. 2019 జులై 1 నుంచి ఆడిట్ రిపోర్టులన్నిటికీ అది తప్పనిసరి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే రిపోర్టు అసలుదో కాదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. దొంగ ఆడిట్ రిపోర్టులను పట్టుకోవడానికి సామాన్యుడి చేతిలో ఉన్న మంచి పనిముట్టు ఇదే. వాడుకునేవాళ్లే తక్కువ.

గైడ్‌స్టార్ ఇండియా, క్రెడిబిలిటీ అలయన్స్ వంటివి ఇచ్చే గుర్తింపు ఉంటే మీ కాగితాల పని సగం తగ్గుతుంది. వాళ్లు ప్రధానంగా చూసేది పాలన, లెక్కలు. కోసిగిలో పిల్లలకు చదువు వచ్చిందో లేదో ఆ ముద్ర చెప్పదు. ఆ దరఖాస్తులు నింపడానికి మనిషి లేని చిన్న సంస్థకు ముద్ర లేకపోవడం లోపమూ కాదు.

పన్ను లెక్క: భ్రమలు వద్దు

80జీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానం ఎంచుకుంటే రాదు. మామూలు స్వచ్ఛంద సంస్థకు ఇచ్చినదాంట్లో 50 శాతమే ఆదాయంలోంచి తగ్గుతుంది, దానికీ సర్దుబాటు చేసిన ఆదాయంలో 10 శాతం అనే పరిమితి ఉంది. 10 వేలు ఇచ్చి 20 శాతం శ్లాబులో ఉంటే మిగిలేది సెస్సుతో కలిపి 1,040 రూపాయలు. 30 శాతంలో ఉంటే 1,560. నగదుగా 2,000 మించి ఇస్తే అసలు రాదు. పుట్టినరోజుకు బియ్యం మూటలు, దుప్పట్లు ఇచ్చినా రాదు, డబ్బు రూపంలో ఇచ్చినదానికే. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇస్తే మాత్రం పరిమితి లేకుండా 100 శాతం మినహాయింపు ఉంది.

రసీదు ఒక్కటీ చాలదు. సంస్థ ఏటా మే 31 లోపు ఫారం 10బీడీలో దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపి, మీకు ఫారం 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. జూన్ మొదటి వారానికి అది రాలేదంటే ఆఫీసు పని సరిగ్గా సాగడం లేదనే అర్థం. సంస్థ క్రమశిక్షణకు ఇది చిన్నదే కానీ నిక్కమైన పరీక్ష.

జమాఖర్చులు చదవడం

మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, షెడ్యూళ్లతో (ఒక్కో పద్దు వివరం చూపే జాబితాలతో) సహా అడగండి. ఒక్క ఏడాదిది చాలదు. షెడ్యూళ్లు లేకుండా ఇస్తే సగం దాచినట్టే.

ఆ రిపోర్టులో మూడు పట్టికలుంటాయి. వసూళ్లు, చెల్లింపుల పట్టికలో డబ్బు నిజంగా వచ్చిపోయిన తీరు కనిపిస్తుంది. బండి కొన్నా, స్థలం కొన్నా ఇక్కడే తేలుతుంది. ఆదాయ వ్యయాల పట్టికలో ఆ ఏడాది పని ఖర్చు కనిపిస్తుంది. ఆస్తి అప్పుల పట్టికలో ఇన్నేళ్ల చరిత్ర పేరుకుని ఉంటుంది. తొందరలో ఉన్నవాళ్లు రెండోది మాత్రమే చూస్తారు. అనుభవమున్నవాళ్లు మూడోదానితో మొదలుపెడతారు.

అక్కడ వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్రస్టీలకు, వాళ్ల బంధువులకు ఇచ్చిన అప్పులు, అడ్వాన్సులు. అధ్యక్షుడి సొంత ఇంటికే కడుతున్న బాడుగ: ఉండకూడదని లేదు, బజారు రేటు కంటే ఎక్కువైతేనే తప్పు, చట్టమూ అదే అంటుంది. మార్చి 31 నాటికి చేతిలో నగదు నిలువ లక్షల్లో ఉండటం. ఫలానా పనికని వచ్చి మూడేళ్లుగా ఖర్చు కాని నిధులు. ఖర్చుల్లో "ఇతరములు" అనే పద్దు మొత్తంలో పదో వంతు దాటడం.

నిలువ ఎంత ఉండాలి? ఆరు నెలల నుంచి ఏడాది ఖర్చుకు సరిపడా ఉంటే అది ముందుచూపు. వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే పనికి వాడాలన్నది పన్ను చట్టం నియమం. మిగతా 15 శాతానికి మించి దాచుకోవాలంటే ఏ పనికో చెప్పి ఫారం 10 పెట్టి ఐదేళ్ల దాకా ఉంచుకోవచ్చు. మూడేళ్ల ఖర్చు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉండి, కరపత్రం మీద "పిల్లలకు రేపటి అన్నం లేదు" అని ఉంటే ఆ రెండింట్లో ఒకటి అబద్ధం.

ఇప్పుడు ఆఫీసు ఖర్చు శాతం సంగతి. ఉదాహరణకు రెండు వసతి గృహాలు తీసుకోండి. మొదటిది 50 మంది పిల్లలకు ఏడాదికి 36 లక్షలు ఖర్చు చేస్తుంది, ఆఫీసు ఖర్చు 18 శాతం చూపిస్తుంది. రెండోది 60 మందికి 24 లక్షలు, ఆఫీసు ఖర్చు 3 శాతం. తలకు నెలకు మొదటిదాంట్లో 6,000, రెండోదాంట్లో 3,300 చిల్లర. చూపుకు రెండోదే మేలు. షెడ్యూళ్లు తిప్పితే కథ మారుతుంది. మొదటిది వార్డెన్లకు, ఇద్దరు టీచర్లకు, లెక్కలు రాసే మనిషికి సరైన జీతమిస్తోంది. రెండోదాంట్లో డైరెక్టరు కారు డీజిలు, ఫోను బిల్లు "పిల్లల సంక్షేమం" కింద ఉన్నాయి, వార్డెన్ జీతం చాలక ఆరు నెలలకొకరు మారుతున్నారు. మనుషులు నిలవని చోట పిల్లల భద్రత నిలవదు.

విదేశీ విరాళాల చట్టం 2020 సవరణ తర్వాత పరిపాలన ఖర్చును 20 శాతానికి కట్టేసింది. అయినా పిల్లలకు పాఠం చెప్పే టీచరు, రోగిని చూసే డాక్టరు జీతాలను పరిపాలన ఖర్చులో కలపొద్దని ఆ నిబంధనల్లోనే ఉంది. చట్టమే చేసిన ఈ తేడాను మనమూ పాటించాలి. శాతాన్ని పోల్చాలంటే రెండు సంస్థల పద్దులనూ మీరే ఒకే పద్ధతిలో మళ్లీ విడదీయాలి: ఊళ్లో లేదా పిల్లల మధ్య పనిచేసే మనిషి జీతం పని ఖర్చు, ఆఫీసులో కూర్చునే మనిషిది పరిపాలన.

పని జరిగిందా? రకం రకానికి వేరే కొలత

పిల్లల ఆశ్రమాలతో మొదలుపెడదాం, విరాళాలు ఎక్కువగా పోయేదీ దాతలు తక్కువగా ఆరా తీసేదీ అక్కడే. బాలల న్యాయ చట్టం 2015లోని 41వ సెక్షన్ కింద నమోదు లేకుండా పిల్లల్ని ఉంచుకోవడం నేరం. ఏడాది దాకా జైలు లేదా లక్షకు తగ్గని జరిమానా ఉంది. సొసైటీ సర్టిఫికెట్ వేరు, ఈ నమోదు వేరు. రెండూ అడగండి. లోపల ఉన్న ప్రతి బిడ్డకూ జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉండాలి. పేర్లు చూడక్కర్లేదు, "ఎంతమంది పిల్లలు, ఎన్ని ఉత్తర్వులు" అని అడిగితే చాలు. రెండంకెలూ ఒకటి కావాలి. ముఖం, పేరు, కష్టాల కథ కలిపి కరపత్రం మీద వేస్తే అదే చట్టంలోని 74వ సెక్షన్‌కు విరుద్ధం. దాతను ఏడిపించడానికి బిడ్డ గుట్టు బయటపెట్టే సంస్థకు ఆ బిడ్డ మీద గౌరవం లేదు. మేమైతే అక్కడితోనే ఆ పేరు కొట్టేస్తాం.

ఇంకో ప్రశ్న: ఈ ఏడాది ఎంతమంది పిల్లలు తిరిగి ఇళ్లకు పోయారు? "అనాథలు" అని చెప్పే చాలామందికి తల్లో, అవ్వో ఉంటుంది. పేదరికమే అసలు సమస్య. అలాంటి బిడ్డను ఇంట్లోనే ఉంచి చదివించడానికి పిల్లల సంక్షేమానికి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఆ సాయం ఇప్పించి బిడ్డను తల్లి దగ్గరికి చేర్చే సంస్థ, మంచాల సంఖ్య పెంచుకుంటూ పోయే సంస్థ కంటే మేలైనది. పశ్చిమ కర్నూలులో కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు వలసపోతాయి. అక్కడ ఏడాదంతా నడిచే ఆశ్రమం కంటే, వలస నెలల్లో బిడ్డను సొంత ఊళ్లోనే ఉంచి బడికి పంపే తాత్కాలిక వసతికి ఇచ్చిన డబ్బు ఎక్కువ పనిచేస్తుంది.

నీటి పనులు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో కుంట తవ్వితే కాదనేవాళ్లు లేరు. లెక్క వేసి చూడండి. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు కుంటలో గోడలు నిలువుగా ఉన్నా పట్టేది 2.5 లక్షల లీటర్లు, వాలు గోడలైతే ఇంకా తక్కువ. ఎండుతున్న చెనిక్కాయ పంటకు 25 మిల్లీమీటర్ల రక్షక తడి ఇవ్వాలంటే ఎకరాకు లక్ష లీటర్లు కావాలి. అంటే ఒక నిండుకు రెండెకరాలకు ఒక తడి, అదీ ఇంకిపోకుండా, ఆవిరైపోకుండా ఉంటే. ఎర్ర నేలల్లో అడుగున ఏ పూతా లేకపోతే కొద్ది రోజుల్లోనే ఇంకిపోతుంది. భూగర్భజలానికి మేలే, పైరుకు తడి మాత్రం దొరకదు. "ఒక్కో కుంటతో పదెకరాలు పచ్చబడ్డాయి" అని రాసిన సంస్థ లెక్క వేయలేదని అర్థం. "మా కుంటల్లో మూడో వంతు పూడిపోయాయి, ఈ ఏడాది పూడిక తీస్తున్నాం" అని చెప్పే సంస్థను నమ్మొచ్చు.

"బోర్లలో నీళ్లు పెరిగాయి" అన్న మాటకు ముందు రెండు ప్రశ్నలు వేయండి. ఆ ఏడాది వాన ఎంత? మంచి వాన పడితే పని చేయని పక్క ఊళ్లోనూ నీళ్లు పెరుగుతాయి. అందుకే పని జరిగిన ఊరినీ, అదే నేల, అదే వాన ఉండి పని జరగని పొరుగూరినీ పక్కన పెట్టాలి. ఎండాకాలం మట్టం మే నెలలోనూ, వానల తర్వాతి మట్టం నవంబరులోనూ కొలిచినవి, కనీసం మూడేళ్లవి కావాలి. భూగర్భజల శాఖ పీజోమీటర్ల (నీటి మట్టం కొలిచే బోర్ల) కొలతలు దగ్గర్లో ఉంటే వాటితో సరిచూసుకోవచ్చు. రెండో ప్రశ్న, హంద్రీ-నీవా కాలువ ఎంత దూరం? జీడిపల్లి జలాశయం చుట్టుపక్కల ఊళ్లలో మట్టం పెరిగితే ఆ ఘనత కాలువదే కావొచ్చు.

మంచినీటి ఆర్వో ప్లాంటుకు ఇచ్చేవాళ్లు కట్టే ఖర్చు కంటే నడిపే ఖర్చు అడగాలి. నీళ్లు వడకట్టే పొర (మెంబ్రేన్) రెండు మూడేళ్లకోసారి మార్చాలి, కరెంటు బిల్లు, నడిపే మనిషి, పారబోసే నీళ్లకు దారి ఉండాలి. బిందెకు ఎంత తీసుకుంటారు, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, పోయిన ఏడాది ఎన్ని రోజులు మూతపడింది? జవాబు లేకపోతే మీ పేరున్న శిలాఫలకం కింద తాళం వేసిన గది మిగులుతుంది.

కంటి శిబిరాల్లో "10 వేల మందిని చూశాం" అనే అంకెతో పని లేదు. ఎంతమందికి శుక్లం తీశారు, నెల నెలన్నర తర్వాత ఎంతమందిని మళ్లీ పిలిచి చూపు కొలిచారు, వాళ్లలో 6/18 (మంచి కన్ను 18 మీటర్ల నుంచి చూసేదాన్ని 6 మీటర్ల నుంచి చూడగలగడం) లేదా అంతకన్నా మంచి చూపు వచ్చినవాళ్లెంతమంది? తిరిగి పరీక్షించని సంస్థకు తన పని ఫలితం తనకే తెలియదు. అంధత్వ నివారణ కార్యక్రమం కింద శస్త్రచికిత్సకింత అని ప్రభుత్వం నుంచి కూడా స్వచ్ఛంద సంస్థలకు డబ్బు వస్తుంది. ఒకే కంటికి ప్రభుత్వం దగ్గరా మీ దగ్గరా తీసుకోవడం లేదని రాతపూర్వకంగా అడగండి.

సాయంత్రం ట్యూషన్ కేంద్రాలకు కొలత తేలిక. చేరినప్పుడు రెండో తరగతి పేరా చదవగలిగినవాళ్లు ఎందరు, ఏడాది చివర ఎందరు. పిల్లల సంఖ్య, పంచిన పుస్తకాల సంఖ్య ఫలితాలు కావు.

పెద్ద సంస్థా, చిన్న సంస్థా

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చాక పెరిగిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు), 1990 నుంచి చెన్నేకొత్తపల్లి వైపు పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలకు ఆడిట్, సిబ్బంది, ఆసుపత్రులో సహకార సంఘాలో ఉన్నాయి. ఇలాంటి చోట కాగితం గురించి భయం తక్కువ. మీ 5,000 ఏ పనికి చేరిందో విడిగా చూపించలేరు, అది సహజం, వాటికి ఏ షరతూ లేకుండా ఇవ్వడమే పద్ధతి. చిన్న సంస్థకు ఇస్తే మీ డబ్బు కనిపిస్తుంది, తేడా పెద్దగా ఉంటుంది. నడిపే ఒక్క మనిషి మంచాన పడితే అన్నీ ఆగిపోతాయి. కాబట్టి "మీ తర్వాత ఎవరు?" అని మొహమాటం లేకుండా అడగండి. పెద్దదైనా చిన్నదైనా ఆదాయంలో సగానికి పైగా ఒకే చోటు నుంచి వస్తుంటే, అది ఆగినరోజు ఏం చేస్తారో కూడా అడగాలి.

కువైట్ నుంచి, అమెరికా నుంచి పంపేవాళ్లకు

కడప, రాజంపేట, రాయచోటి వాళ్లు గల్ఫ్‌లో చాలామంది ఉన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. సంస్థ పాస్‌పోర్టు నకలు అడిగితే ఇవ్వండి, అది వాళ్ల రక్షణ కోసం. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్లు ఇవ్వాలంటే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద చెల్లుబాటయ్యే ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ఖాతాకే పోవాలి. "మా తమ్ముడి ఖాతాకు పంపండి, తెచ్చి ఇస్తాడు" అనే దారి సంస్థకే ముప్పు తెస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థను దాని వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 అడగండి. ఆ డబ్బును ఇంకో సంస్థకు మళ్లించడాన్ని 2020 నుంచి చట్టం నిషేధించింది.

వరద వచ్చినప్పుడు

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కర్నూలును ముంచినప్పుడూ, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి వైపు ఊళ్ల మీద పడినప్పుడూ బాధితులకు అన్నం పొట్లాలతో తీరే అవసరం కొద్ది రోజులదే. ఇసుక మేట వేసిన పొలం, కూలిన ఇల్లు, కొట్టుకుపోయిన కాగితాలు నెలలు, ఏళ్లు వెంటాడతాయి. మీరిచ్చేదాంట్లో సగం మొదటి వారం ఇచ్చి, మిగతా సగం మూడు నెలలు ఆపుకోండి. అప్పటికీ అక్కడే ఉన్న సంస్థకు ఇవ్వండి. వరదకు ముందే ఆ మండలంలో పనిచేస్తున్నవాళ్లను ఎంచుకోవడం మేలు, ఎవరిల్లు ఎక్కడుందో వాళ్లకు తెలుసు.

ఊరికి పోయి చూడటం

ముందుగా కబురు పెట్టి ఒకసారి, పెట్టకుండా ఇంకోసారి పోండి. పిల్లల ఆశ్రమానికి మాత్రం చెప్పకుండా పోవడం తగదు, పిల్లలు ప్రదర్శన వస్తువులు కారు. ఊళ్లో సంస్థ మనిషి పక్కన లేకుండా ముగ్గురిని కలవండి. సాయం అందినవాళ్లు ఒకరు, అడిగినా అందనివాళ్లు ఒకరు, ఆ ఊరి అంగన్‌వాడీ టీచరో బడి అయ్యవారో ఒకరు. "ఈ పనికి ఎంత ఖర్చయిందో తెలుసా? ఎవరు చెప్పారు?" అని అడగండి. ఖర్చు వివరం గోడ మీద రాసుంటే, లేక ఊరి సమావేశంలో చదివి ఉంటే, జనం అంకెతో సహా చెబుతారు. "వాళ్లు పెద్దోళ్లు, ఏదో చేస్తారు" అన్న జవాబు వస్తే ఆడిట్ రిపోర్టు ఎంత నున్నగా ఉన్నా ఆ సంస్థకు సగం మార్కులే. అందనివాళ్ల మాటకు ఎక్కువ విలువివ్వండి. ఎంపికలో కులం, పార్టీ పనిచేశాయా అనేది వాళ్లే చెబుతారు.

ఎంతకు ఎంత శ్రమ

రెండు వేల లోపైతే క్యూఆర్ పేరు, రసీదు చాలు. బస్టాండులో డబ్బాలో వేసేది దీనికి కూడా నిలవదు, అక్కడ రసీదే ఉండదు. 10 వేల నుంచి 50 వేల దాకా అయితే పైన చెప్పిన అరగంట జల్లెడ, మూడేళ్ల ఆడిట్, ఒక ఫోను సంభాషణ. 50 వేలు దాటితే ఊరికి పోకుండా ఇవ్వకండి. లక్షల్లో ఇచ్చేవాళ్లు మొత్తం ఒకేసారి పంపకుండా మొదటి ఏడాది మూడో వంతు ఇచ్చి, ఆ ఏడాది ఆడిట్, ఫలితాల అంకెలు వచ్చాక మిగతాది రెండేళ్లకు మాట ఇవ్వండి. మూడేళ్లపాటు వస్తుందని తెలిసిన లక్ష, సంస్థకు ఒకేసారి వచ్చే లక్షన్నర కంటే ఎక్కువ పనికొస్తుంది. మనిషిని పనిలో పెట్టుకునే ధైర్యం వస్తుంది. జీతాలకు వాడొద్దనే షరతు పెట్టకండి.

రెండు సంస్థలూ అన్నిట్లో సమానంగా నిలిచినప్పుడు, తమ పనిలో ఏది తప్పిందో అడగకముందే చెప్పిన సంస్థకు ఇవ్వండి. ఎంచుకోని రెండో సంస్థకు కారణం నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. షెడ్యూళ్లు ఇవ్వలేదనో, చూపు తిరిగి కొలవలేదనో తెలిస్తే వచ్చే ఏడాదికి సరిచేసుకుంటారు, అప్పుడు మళ్లీ పోల్చవచ్చు.